పెద్దకోడలి ఇల్లెక్కడ?

ఆ రోజుల్లో నేను పుస్తకాలు చదివే వేగానికి కాశీబుగ్గలో గాలి పుట్టేది. నేను పేజీలు తిప్పుతూంటే మా పెరటి పక్కన ఆరేసిన బట్టలు గంట ముందే ఆరిపోతున్నాయని పక్కవాటా వాళ్లు సంతోషించేవారు. కొంచెం పెంచి చెబుతున్నానని మీరనుకోవచ్చు. నిజానికి తగ్గించే చెబుతున్నాను.

తొంభైల చివరి మాట ఇది. కాపురం కాశీబుగ్గలో, గుమాస్తా ఉద్యోగం టెక్కలిలో. మా బజారులో నవలలు అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. కొట్టంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక కిళ్లీ బడ్డీ, ఒక సైకిలు షాపు చెరో పక్కకీ ఒత్తిగిలి దయతలచి వదిలిన సందు. అందులో పైకప్పు దాకా నవలలు, వాటి నడుమ ఇరుక్కుపోయిన యజమాని. ఆయన టీకి బయటికి రావాలంటే ముందు ఒక వరస నవలలు బయటికి రావాలి. అద్దె రోజు లెక్కన గనక నేను ఏ పుస్తకాన్నీ రెండో రోజు చూడనిచ్చేవాణ్ణి కాదు. సాయంత్రం తెచ్చి, మర్నాటి సాయంత్రానికి అప్పజెప్పేసేవాణ్ణి.

ఇంత వేగం ఎలా వచ్చిందంటారా? వర్ణన కనబడితే దాటేయడమే. సూర్యుడు అస్తమించడం మొదలుపెట్టాడనుకోండి, ఆయన పని ఆయన్ని చేసుకోనిచ్చి, చీకటి పడ్డాక అవతలి పేరాలో దిగేవాణ్ణి. చెట్లు, మబ్బులు, గుమ్మాలు, వాకిళ్లు నాకెందుకు? ఎవరు ఎవర్ని ఏడిపించారు, చివరికి ఎవరు కలిశారు, నాకు కావలసింది అంతే.

దాని ఫలితం ఏమిటంటే, పుస్తకం తిరిగిచ్చి నేను మెట్టు దిగేలోపు కథ నా తలలోంచి దిగిపోయేది. ఒక నవలనైతే ముచ్చటగా మూడుసార్లు అద్దెకు తెచ్చి మూడుసార్లూ చివర్లో ఆశ్చర్యపోయాను. మూడోసారి మరీ ఎక్కువ ఆశ్చర్యపోయాను.

"మాస్టారూ, ఇది మీరు పట్టికెల్లిందే కదండీ," అన్నాడు కొట్టాయన జాలిగా.

"అవునా? బాగుంటుందా?" అని ఆయన్నే అడిగాను.

ఇలా హాయిగా మరిచిపోతూ బతికేస్తున్నవాణ్ణి ఒక బస్సు కండక్టరు పాడుచేశాడు.

పొద్దున టెక్కలి వెళ్లే బస్సులో జనం ఎలా ఉండేవారంటే, ఒక స్టాపులో పీల్చిన గాలి వదలడానికి తర్వాతి స్టాపు దాకా ఆగాల్సి వచ్చేది. కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకుందామంటే, రుమాలు కూడా నిలబడే ప్రయాణం చేసేది. కండక్టరుది అక్కుపల్లి. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడు. సముద్రంలో కంటే బస్సులో అలలు పెద్దవని తెలుసుకుని ఇటొచ్చేశాడు. ఎక్కినవాళ్లలో సగంమంది అతనికి బావలు, మిగతా సగం మావలు. నా వాటాకి బావ వచ్చింది.

ఒకరోజు నా చంకలో పుస్తకం చూశాడు.

"బావా, అందులో ఏటుంది?"

"కథ."

"ఏటి కత? సెప్పు మరి. ఇంజను పక్క సీటు ఇచ్చీత్తాను."

ఇంజను పక్క సీటంటే ఆ బస్సులో సింహాసనం. కింద నుంచి కాస్త వేడి తగులుతుందనే మాట నిజమే గాని, ఏ సింహాసనం చల్లగా ఉంటుంది చెప్పండి! కూర్చుని, గొంతు సవరించుకుని మొదలెట్టాను. పాతకాలపు ఉమ్మడి కుటుంబం. ఇద్దరు కోడళ్లు. చిన్నకోడలు ప్రసవానికి పుట్టింటికి వెళ్లి, అక్కడ ఉండబట్టలేక వానలో తిరిగొస్తుంది. పెద్దకోడలు నోటికొచ్చినట్టు తిట్టి మొహం మీదే తలుపేసేస్తుంది. తర్వాత ఏవో కష్టాలు. తర్వాత ఏదో సుఖం. నందిగాం రాకముందే నవల అయిపోయింది.

కండక్టరు ఇంకా వింటున్నాడు.

"అయిపోయింది," అన్నాను.

"అయిపోనాదా? ఇంత లావు పుస్తకంలో ఇంతేనా? మరి మిగతా కాయితాల నిండా ఏటి రాసినాడు బావా?"

బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరు స్టీరింగు వదిలేసి నవ్వాడు. పక్కన వెళుతున్న ఎడ్లబండి ఎద్దులు కూడా నవ్వినట్టే నాకు అనిపించింది. పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రం పుస్తకం తిరిగివ్వకుండా ఉంచుకుని, మొదటి అధ్యాయం మళ్లీ చదివి, మర్నాడు బస్సులో ఆ ఒక్క అధ్యాయమే చెప్పాను. ఈసారి టెక్కలి వచ్చినా ఇంకా మిగిలింది!

అలా రోజుకొక అధ్యాయం అలవాటైంది. కథ వినేవాడు ఊఁ కొట్టాలి కదా. చేతిలో టిక్కెట్లు, నోట్లో ఈల పెట్టుకున్న కండక్టరు ఏం కొడతాడు? రసపట్టు రాగానే ఈల ఊదేసేవాడు. ఈల వినబడితే డ్రైవరు బ్రేకు వేసేవాడు. ఒకసారి జీడితోటల మధ్య బస్సు ఇలాగే ఆగిపోతే, దిగాల్సినవాళ్లు ఎవరూ లేకపోయినా ఇద్దరు మొహమాటానికి దిగిపోయారు.

విన్న కథని కండక్టరు తన దగ్గరే ఉంచుకోడని కొన్నాళ్లకి తెలిసింది. సాయంత్రం ఇంటికి పోయి తల్లికి చెప్పేవాడు. ఆవిడ ఒకప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఉద్దానంలో ఊరూరూ తిరిగిన మనిషి. రెండు కళ్లకీ శుక్లాలు కమ్మేసి, ఇప్పుడు గడప దాటడం లేదు. వెలుగుకీ చీకటికీ మాత్రం తేడా తెలుస్తుంది. మేమిద్దరం మొయ్యగా కథ ఆవిడ దగ్గరికి చేరేది. అక్కణ్ణుంచి ప్రశ్నలు మర్నాటి బస్సులో నా దగ్గరికి వచ్చేవి.

"బావా, ఆ చిన్నకోడలు పుట్టింట్లో ఏటి తిన్నాదని అడగమంది మా యమ్మ."

"అది పుస్తకంలో ఉండదయ్యా."

"కడుపుతో ఉన్న మనిసి ఏటి తిన్నాదో రాయకుండా ఉంటాడేటి? రాసినోడికి తెలిసే ఉంటాది, సదివినోడికే తెల్నేదు అంటంది."

వెళ్లి చూస్తే, ఉంది! నేను దాటేసిన పేరాలో ఆ పిల్ల పచ్చి మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటోంది. ఎవరూ చూడకుండా, తలుపు చాటున. ఆ ముక్క చదివిన క్షణం నాకు నోరూరింది, ఆ పిల్ల మీద బెంగా పుట్టింది. అంతకుముందు నాకు ఆమె ఒక పేరు మాత్రమే. ఇప్పుడు ఆమె పళ్లు పులిసిన సంగతి కూడా తెలుసు.

అప్పట్నించీ నా చదువు తీరు మారిపోయింది. పేజీ తిప్పబోతూ, దీని మీద ముసలమ్మ ఏమడుగుతుంది అని ఆగేవాణ్ణి. అధ్యాయం అవగానే పుస్తకం మూసేసి, అందులో జరిగింది గోడకి చెప్పేవాణ్ణి. ఎక్కడ తడబడితే అక్కడికి తిరిగి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి రెండు మూడుసార్లు తొంగిచూసి, గోడ ఏమీ ఎదురు చెప్పడం లేదని చూసి అసూయపడింది. చిత్రమేమిటంటే, ఊరికే చదివింది ఊరికే పోయేది. మూసేసి నోటితో చెప్పుకున్నది ఉండిపోయేది! మర్నాడూ ఉండేది, వారం పోయాకా ఉండేది! ఇన్నేళ్లూ చిల్లు కుండతో నూతిలో నీళ్లు తోడుతున్నానని, ఆ చిల్లుకి నా నోరే బిరడా అని తెలిసి పరమానందపడిపోయాను.

ఇంకో చిట్కా కూడా అక్కుపల్లి నుంచే వచ్చింది.

"మా యమ్మకి ఇల్లు సెప్పాల బావా. కతలో ఇల్లు నేని మనిసి గురుతుండడట," అన్నాడు కండక్టరు.

వాళ్ల నాన్న వేటకెళ్లినప్పుడు, నిన్న చేప పడిన చోటే ఇవాళా వల వెయ్యడానికి ఒడ్డుకేసి చూసుకునేవాడట. దూరాన కొండ కొస, ఒడ్డున తాటిచెట్టు ఒక వరసలోకి వస్తే అదే చోటు. నీళ్ల మీద గుర్తు పెట్టలేం కాబట్టి నేల మీద గుర్తు పెట్టుకోవడం. ముసలమ్మ కథకీ అదే చేసేది. చిన్నకోడల్ని పడవలు లాగే రేవు పక్కన పాక ఇంట్లో కాపురం పెట్టించింది. అత్తగారిని బడి దగ్గరి పెంకుటింట్లో దించింది. పెద్దకోడల్ని తన పక్కింట్లోనే పెట్టేసింది. దగ్గరగా ఉంటే మరిచిపోనని.

నేనూ ఊరుకోలేదు. కథలో జనాన్నంతా కాశీబుగ్గలో అద్దెకి దించేశాను. చిన్నకోడలు గడియారాలు బాగుచేసే కొట్టు మేడ మీద, మావగారు జీడిపప్పు బట్టీ గేటు దగ్గర. బజారు మీదుగా నడిచి వెళితే చాలు, నవల మొత్తం వరసగా ఎదురొచ్చేది. ఆ ఉత్సాహంలో ఒకరోజు గడియారాల కొట్టు ముందు ఆగి, "పైన పిల్ల ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగేశాను. పైన ఎవరూ ఉండరని కొట్టతను చెప్పాడు. అయ్యో, ఖాళీ చేసేశారా అనుకుంటూ వచ్చేశాను.

అంతా ఇంత బాగా సాగుతున్న రోజుల్లో, ఒక పొద్దున కండక్టరు ఈల ఊదడం మానేశాడు. నేను కథ చెబుతూంటే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమైంది బావా?" అన్నాను.

"నీ కత మా కొంప ముంచీసింది."

టెక్కలి బడిలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారు. ముసలమ్మ పేరు ముందే రాయించాడు. శుక్లాలు ముదిరిపోయాయి, ఇంకా ఆలస్యమైతే కష్టమని డాక్టర్లు చెప్పారు. ఆడమనిషికి తోడు ఆడమనిషే ఉండాలని క్యాంపు వాళ్ల షరతు. కండక్టరుకి ఇంకా పెళ్లి కాలేదు. పక్కింటావిడ తోడు వస్తానని ఎప్పుడో ఒప్పుకుంది. ఆ ఇద్దరూ ఒకే పొయ్యి మీద కూర వండుకునేంత చనువున్నవాళ్లు. ముసలమ్మకి స్నానానికి నీళ్లు పెట్టేదీ, జడ వేసేదీ ఆవిడే. అలాంటిది...

"పక్కింటత్తతో మాటాడ్డం మానీసినాది మా యమ్మ. నీళ్లు పెడతానంటే ఒద్దన్నాది. ఆపరేసనుకి దాంతో ఎల్లను పో అంటంది."

"ఎందుకు? ఏం చేసిందావిడ?"

"ఏటీ సెయ్యనేదు. పెద్దకోడలు ఉండేది ఆ ఇంట్లోనే కదేటి! కడుపుతో ఉన్నదాన్ని వానలో గెంటీసిన గుమ్మం అది. అటు తిరిగితే ఒల్లు మండిపోతందట."

"అది కథ కదయ్యా!"

"నానూ అదే సెప్పినాను. కతే నేరా, నాకు తెల్దేటి, గాని మండుతంటే ఏటి సెయ్యమంటావు అంటంది."

"పోనీ పెద్దకోడల్ని ఇంకో ఇంటికి మార్చమను."

"పాతుకుపోనాదట. పీకితే రావట్లేదట."

క్యాంపు సోమవారం. అది తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఒక నవల వల్ల ఒక మనిషికి చూపు రాకుండా పోవడం ప్రపంచ సాహిత్య చరిత్రలో ఎక్కడా జరిగి ఉండదు. ఆ ఘనత నాకు దక్కేలా ఉంది. నా బుర్ర మెరుపులా పనిచేసింది.

"పెద్దకోడలు చివర్లో ఏడ్చి కాళ్ల మీద పడిందని చెప్పేద్దాం," అన్నాను.

"మా యమ్మ కనిపెట్టీత్తాది బావా. నువ్వు కల్పించిన రోజున నా గొంతు తేడాగుంటాదట. ఆ మనిసి అలగెందుకు సేసినాదో సూడు. ఊరికే సెయ్యదు కదా."

ఎందుకు చేసింది? నాకు తెలియదు! చెడ్డది గనక చేసింది అనుకున్నాను. ఇన్ని వారాలు ఇంత జాగ్రత్తగా చదువుతున్నానని విర్రవీగానా, తలుపేసిన అధ్యాయం దగ్గర మాత్రం వాన, తిట్లు, తలుపు చప్పుడు తప్ప నాకేమీ పట్టలేదు. గొడవ ఎక్కడుంటే అక్కడ నా పాత గుర్రం మళ్లీ దౌడు తీసేది.

ఆదివారం పొద్దున ఆ అధ్యాయం తెరిచి కూర్చున్నాను. గొడవకి ముందు వర్ణన ఉంది. మామూలు వర్ణన కాదు, ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా పరిస్తే ఇంకా మిగిలేంత వర్ణన. చిన్నకోడలు వీధి మలుపు తిరిగి ఇంటిని చూస్తుంది. మబ్బు. తడిసిన అరుగు. పెద్దగా దగ్గుతున్న వీధికుక్క. నేను పళ్లు బిగించి ఒక్కో వాక్యం చదువుతున్నాను, గోడకి చెబుతున్నాను. గుమ్మానికి రెండు వైపులా పచ్చి వేపమండలు కట్టి ఉన్నాయి, అన్నాను గోడతో. వాకిట్లో పసుపునీళ్ల మరకలు. ఆ ఇంటి పోపు వాసన ఈ మలుపు దాకా వచ్చేది, ఇవాళ రాలేదు...

ఆగిపోయాను.

మళ్లీ చదివాను. కుర్చీలోంచి లేచాను. లేచానన్నది చిన్న మాట, ఎగిరాను. పెంకుల మీద కాకులు లేచిపోయాయి. "వేపమండలు! పోపు లేదు!" అని అరుస్తూ వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆవిడ పోపే వేస్తోంది. "ఎందుకు లేదు, ఇదిగో," అంది.

తలుపు సన్నివేశం మళ్లీ చూశాను. అవే తిట్లు. అక్షరం మారలేదు. కానీ ఇప్పుడు ఒక్కో తిట్టూ వేరేలా వినబడుతోంది. తలుపేశాక పెద్దకోడలు దానికి వీపు ఆనించి కూర్చుని, బయట అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా వింది అని రాశాడు. ఆ వాక్యం నేను ఇంతకుముందు చూడనే లేదు! రాసినాయన అసలు సంగతి ఎక్కడా పైకి అనలేదు. గుమ్మానికి కట్టి వెళ్లిపోయాడు.

బస్టాండులో కండక్టరుని పట్టుకుని, అతని మోపెడ్ వెనక కూర్చుని అక్కుపల్లి వెళ్లాను. ఆ మోపెడ్ మా ఇద్దర్నీ మోసిందో, మేమే దాన్ని మోశామో, ఇసుకలో తేల్చుకోలేకపోయాం.

ముసలమ్మ గడపలో కూర్చుని తడుముకుంటూ చింతపండులో గింజలు తీస్తోంది. పక్క వాకిట్లో ఒకావిడ మాకు వీపు పెట్టి ఎండుచేపలు తిరగేస్తోంది. ఆవిడే పక్కింటావిడని వీపులోని బిగువు చెప్పేసింది.

"కతోడివి నువ్వేనేటి?" అంది ముసలమ్మ. "గొంతు పీలగుందేటి నాయినా? తిన్నావా?"

"తిన్నానమ్మా. ఒక పేజీ చదివి వినిపిద్దామని వచ్చాను."

"ఆ పెద్దకోడలి మాటయితే ఒద్దు."

"ఆవిడ మాట కాదు. వాళ్ల గుమ్మం ఎలా ఉందో, అంతే."

చదివాను. తిట్లూ లేవు, తలుపూ లేదు. మబ్బు, అరుగు, కుక్క. ముసలమ్మ గింజలు తీస్తూనే ఉంది. వేపమండల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. పక్క వాకిట్లో చేపల చప్పుడూ ఆగిపోయింది.

"ఆగు నాయినా. మల్లీ సదువు."

మళ్లీ చదివాను.

"పోపు వాసన నేదా?"

"లేదమ్మా."

"ఓలమ్మో!" అని ముసలమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఆ ఇంట్లో అమ్మోరు సేరినాదిరా! లోన ఎవులికో ఒల్లంతా పోసినాది, అందికే పోపు నేదు. కడుపుతో ఉన్నదాన్ని ఎలాగ రానిత్తాదిరా లోనకి? మంచిగా సెప్తే ఆ పిల్ల ఎల్తాదేటి? నానూ సేత్తాను సాకిరీ అని దూరిపోదేటి? అందికే తిట్టినాది. తిట్టి తోలీసినాది!"

"మరదే!" పక్క వాకిట్లో వీపు గిర్రున తిరిగింది. "ఆ ముక్క తెలీక వారం నుంచి నా మీద మొకం ముడుసుకు కూకున్నావు!"

"నీకేటి తెలుసే ఈ కత?"

"తెల్దేటి? నీ కొడుకు రోజూ ఊరంతా ఇనబడీలాగ సెప్తాడు. గోడవతల కూకుని నానూ ఇంటన్నాను. అది మా ఇంట్లోనే ఉంటాదని సెప్పీసరికి నాకెంత గుండె మండినాదో! ఇన్ని ఇల్లున్నాయి, మా ఇల్లే దొరికినాదేటి దాన్ని పెట్టడానికి?"

ముసలమ్మ చేతులు నెత్తి మీంచి దిగాయి. చింతపండు ఉండలు కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. కండక్టరు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. సముద్రం కూడా ఓ రెండు అలలు ఆపుకుందని చెబితే మీరు నమ్మాలి.

"ఒలే," అంది చివరికి, పక్కింటివైపు మొహం తిప్పి. "రేపు బస్సుకి ఏ సీర కట్టుకుంటావు?"

"ఏదైతే నీకేటి? నీకు కనబడతాదా?"

"తిరిగొచ్చినప్పుడు కనబడతాది కదే. బాగున్నది కట్టుకో."

సోమవారం నా సింహాసనం మీద ఇద్దరాడవాళ్లు కూర్చున్నారు. నేను నిలబడ్డాను. నిలబడటానికి కూడా చోటు లేదు గనక వేలాడాను అనాలి. కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా ఆ ఇద్దరూ ఆపకుండా వాదించుకున్నారు. చిన్నకోడలికి ఈ సంగతి తర్వాతైనా తెలిసిందా లేదా అని ఒకరు, తెలిసినా తెలియనట్టు ఉండిపోయిందేమో అని ఒకరు. నన్నెవరూ అడగలేదు. అడిగుంటే ఏ పేజీలో ఏముందో చెప్పగలను. గర్వంగా చెప్పగలను! ఆ నవల ఇవాళ్టికీ నా తలలో ఇల్లు కట్టుకుని ఉంది.

ముందుగా ఒక కంటికి చేసిన ఆపరేషను బాగా అయింది. కట్టు విప్పే రోజున ఆఫీసులో టీకి వెళ్లొస్తానని చెప్పి బడి వరండాకి పరిగెత్తాను. కండక్టరు బస్సుని స్టాండులో వదిలేసి ముందే వచ్చేశాడు. వరసగా బెంచీల మీద కూర్చున్న ముసలివాళ్ల కళ్ల మీది ఆకుపచ్చ గుడ్డలు ఒకరి తర్వాత ఒకరికి తీసుకుంటూ వస్తున్నారు. మా ముసలమ్మ పక్కన పక్కింటావిడ కుంకుమరంగు చీర కట్టుకుని, చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గుడ్డ తీశారు. ముసలమ్మ కన్ను నీళ్లు కారుస్తూ, మిటకరిస్తూ, కాసేపు వెలుగుతో కుస్తీ పట్టింది. తర్వాత ఆ చూపు తన చెయ్యి మీద ఉన్న చేతిని పట్టుకుని, జాకెట్టు మీదుగా పైకి పాకి, పక్కింటావిడ మొహం మీద ఆగింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తున్న మొహం. మేమంతా ఆ మొదటి మాట కోసం మెడలు చాచుకుని నిలబడ్డాం.

"ఓలి నీ యమ్మా," అంది ముసలమ్మ. "ఇంత ముసిల్దానివైపోనావేటే!"

పక్కింటావిడ కొంగుతో కళ్లు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది.

"బాబూ, కంటికైతే బాగానే సేసినారు. ఆ నోటికి కూడా ఏదైనా సెయ్యగలరేటి?"